ఎర్రమాత్రతో నంద్యాలకు, ఆళ్లగడ్డకు

మా ముత్తాత పెద్ద తిమ్మారెడ్డి. కొలిమిగుండ్ల దగ్గర మా ఊరికీ, చుట్టూ ఉన్న ఆరు పల్లెలకూ ఆయన మాటే తీర్పు. ఆయన కొడుకు ఓబుళరెడ్డి మా తాత. రెడ్డిరికం చేసిన చివరి మనిషి. తాత వీధిలో నడిస్తే అరుగుల మీది వాళ్లు లేచి నిలబడేవారు. ఇది విన్న మాట కాదు, ఆయన వేలు పట్టుకుని నడుస్తూ చూశాను. మా నాయన చిన్న తిమ్మారెడ్డి కాలానికి పొలాలు తగ్గాయి, కోర్టు వాయిదాలు పెరిగాయి. నా దాకా వచ్చేసరికి ఇంటికి గౌరవమంటూ మిగిలింది ఆదివారం ఉదయం మా గుమ్మం ముందు నిలబడే జనమే.

వాళ్లు వచ్చేది ఎర్రమాత్ర కోసం. పాదరసం, గంధకం కలిపి నూరి, సీసాకెత్తి, ఇసుకలో పాతి కాల్చి చేసే కీళ్లనొప్పుల మందు. ముత్తాతకు ఎవరో బైరాగి నేర్పాడట. దానికి మేం వెల కట్టలేదు. గోస్పాడు నుంచి వచ్చినా, బండి ఆత్మకూరు నుంచి వచ్చినా, ఎవరిచ్చే దుడ్లూ మా ఇంట్లో చేత్తో ముట్టుకోలేదు.

మందు ఇవ్వడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కక్షలు తరాల పాటు నడిచిన సీమ మాది. ముత్తాత రోజుల్లో ఒకరి చేతి నీళ్లు ఇంకొకరు తాగాలంటే భయపడేవారు. అందుకని మందు ఇచ్చేది ఇంటి మగవాడైతే, వచ్చినవాడి కళ్లెదుట అదే డబ్బాలోంచి ముందుగా ఒక మాత్ర నోట్లో వేసుకునేది ఇంటి ఆడపడుచు. కోడలు పనికిరాదు, పరాయి ఇంటి పిల్లను పణంగా పెట్టారని అనుమానం రావచ్చు. ఆ ఇంట పుట్టినదే తినాలి. పదిమంది వస్తే పదిసార్లు తినాలి.

మా అక్క సుంకులమ్మ ఇరవై రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచి ఆ పని ఆమెదే. ఇప్పుడామెకు అరవై ఆరు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. ఈ ఏడు కాళ్లు వాచాయి. నంద్యాలలో డాక్టరు మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని చెప్పి, నాటుమందులేమైనా వాడుతోందా అని అడిగాడు. లేదన్నాను. అబద్ధమాడుతున్నానని ఆ క్షణాన అనిపించలేదు. మా ఇంటి మాత్రను నాటుమందు అన్నవాణ్ణి నేను అంతవరకు చూడలేదు.

తర్వాతి నెలలో పాదరసం కావాలని నంద్యాల శెట్టికి ఫోన్ చేశాను. మూడు తరాలుగా మాకు సరుకు ఇచ్చేది ఆ కొట్టే. శెట్టి కూతురు రేవతి అక్కడే ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతుంది. ఫోన్ ఆ పిల్ల చేతికి వెళ్లింది.

"పెదనాయనా, ఇంత పాదరసం యాడికి పోతాంది?"

చెప్పాను. అక్క సంగతి కూడా చెప్పాను.

"అత్త మూత్రం ఒక సీసాలో పట్టుకొని రా పెదనాయనా. మాత్ర గూడ తే. నేను చూసి చెప్తా."

జబ్బు మాత్ర వల్లేనన్న రేవతి అనుమానం తప్పని తేల్చుకుని రావడానికే బయలుదేరాను. చదివేవారికి ఆ సంగతి మొదటే తెలియాలి.

బనగానపల్లె మీదుగా

మా వైపు నేల కింద నాపరాయి. ఇంటి కప్పు అదే, చేను గట్టున నిలువుగా పాతిన కంచె అదే. ఎక్కడ చూసినా బూడిదరంగు. శనగ కోతలయిపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. బస్సులో నా సంచిలో మూడు వస్తువులున్నాయి: అక్క ఇచ్చిన సీసా, నేను కిందటేడు చేసిన మాత్రల పొట్లం, మా నాయన చేతి మాత్రలు మిగిలిన ఒక చిన్న రేకు డబ్బా. సీసా చల్లగా ఉండాలని రేవతి చెప్పింది కనుక తడిగుడ్డలో చుట్టాను.

పక్క సీటులో కూర్చున్న ముసలమ్మ ఆ గుడ్డనే చూస్తూ వచ్చింది.

"తమలపాకులా అప్పా?"

"కాదు."

"తడిగుడ్డలో ఇంగేం పెడతారు? రెండియ్యి, వక్క నాకాడుంది."

"ఆకులు కావమ్మా."

"ఇయ్యకుంటే ఇయ్యకపో. తెల్లపంచె కట్టినాడు గానీ చెయ్యి మాత్రం రాదు" అని ముందు సీటు ఆమెతో అంది. ఆమె వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. మా ఇంటి వాణ్ణి పిసినారి అనడం మొదటిసారి విన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. సంచి ఒళ్లోకి తీసుకుని బనగానపల్లె దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అక్కడ బస్సు మారాలి. దిగే హడావిడిలో గుడ్డలోని తడి నా పంచె మీదికి దిగి పెద్ద మరక అయింది. నంద్యాల చేరేదాకా సంచి అడ్డం పెట్టుకునే నిలబడ్డాను, సీటు ఖాళీగా ఉన్నా.

కాలువ నీళ్లు పారే నేల మొదలవగానే రంగు మారిపోతుంది. దారికి రెండు పక్కలా వరి, తూర్పున దూరంగా నల్లమల గీత. మా ఊళ్లో బియ్యం పండుగకు వండేవాళ్లం, మిగిలిన రోజులు జొన్నరొట్టె. ఇక్కడ కూలి మనిషి సద్దిలో కూడా వరి అన్నమే. చిన్నప్పుడు దీన్ని చూసి వీళ్లంతా మాకంటే ధనవంతులనుకునేవాణ్ణి.

నంద్యాల, శెట్టి కొట్టు

బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిన్నాను. నలభై రూపాయలు. బొరుగులు మెత్తగా నానాయి, పప్పులపొడి మాత్రం పొదుపుగా చల్లారు. మా వైపు పొడి ఉగ్గానిని దాచేసేటంత వేస్తారు.

శెట్టి కొట్టు పాత బజారులో. మా తాత వచ్చినప్పుడు శెట్టి తాత గల్లా దిగి వచ్చి కుర్చీ వేయించేవాడట. ఇప్పుడు ప్లాస్టిక్ స్టూలు జరిపాడు. మనిషి మంచివాడే. నాకంటే ఐదారేళ్లు చిన్న.

"కూసో రెడ్డీ. మజ్జిగ తాగుతావా? మీ తాత మా యింట్ల నీళ్లు గూడ తాగలే. పరాయి యింట్ల ఎవురన్నా ముందు తాగి చూపీకుంటే మీ వోళ్లు ముట్టరు గదా."

గ్లాసు వచ్చింది. శెట్టి ఇంకో గ్లాసులోకి కాస్త వంచుకుని, నా కళ్లలోకి చూస్తూ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఇంగ తాగు. సచ్చిపోలే నేను."

కొట్లోవాళ్లంతా నవ్వారు. తాగాను. మజ్జిగ బాగుంది, అల్లం దంచి వేశారు.

రేవతి కాలేజీ నుంచి వచ్చింది. ముప్పై దాటని పిల్ల. నా సంచి చూసి, "ఇది ఎట్ల తెలుస్తుందో ముందు చూపిస్తా, రా పెదనాయనా" అంది. తన చేతిసంచిలోంచి చిన్న గాజు సీసా తీసింది. అందులో లేత పసుపు నీళ్లు, పలచని టీ అనుకోవచ్చు. గల్లా పక్కన దొంగనోట్లు చూసే ఊదారంగు లైటు ఉంది. సీసాను దాని కిందికి జరిపి, మీద అట్టపెట్టె బోర్లించి, పెట్టెకున్న కంతలోంచి చూడమంది.

వంగి చూశాను. ఆ పసుపు నీళ్లు నీలంగా వెలుగుతున్నాయి. నిప్పు లేదు, వేడి లేదు. సీసా అంతా ఒకే తీరుగా వెలుగు.

"ఏందిది?"

"బొగ్గు."

"బొగ్గు వెలుగుతుందా?"

"అంత సన్నగా చేస్తే వెలుగుతుంది. నిమ్మరసంలో ఇంకొకటి కలిపి గట్టిగా బిగించిన స్టీలు గిన్నెలో గంటల తరబడి కాగబెడతాం. లోపల బొగ్గు చుక్కలవుతాయి. వెంట్రుకను పదివేల పాయలు చీలిస్తే ఒక పాయంత ఉంటాదేమో ఒక చుక్క. కంటికి కనపడేది వెలుగొక్కటే."

"దీనికీ రోగానికీ ఏం సంబంధం?"

"ఈ చుక్కలకు పాదరసం తగిలితే వెలుగు తగ్గిపోతాది. ఎంత ఎక్కువుంటే అంత తగ్గుతాది. వెలుగెంత తగ్గిందో కొలిచే మిషను మా కాలేజీలో ఉంది. ఇట్లాంటి చుక్కలతోనే చక్కెరకు, ఇనుముకు, ఇంకా చాలావాటికి పరీక్షలు చేయాలని యాడెయాడనో పనిచేస్తాండారు. నాది పాదరసం."

"నా కూతురు నిమ్మకాయలన్నీ దీనికే తగలేస్తాది రెడ్డీ, ఊరగాయకు మిగలనీదు" అన్నాడు శెట్టి. ఆ మాటలో గర్వం దాచుకోలేదు.

రేవతి సీసా, పొట్లం తీసుకుంది. రేకు డబ్బా నేను బయటికి తీయలేదు. నాయన చేతి పనిని ఒకరు పరీక్షించడమేమిటని అనిపించింది.

"రేపు పొద్దున నీది గూడ ఒక సీసా కావాల" అంది.

"నాదెందుకు?"

"మీరిద్దరూ ఒకే యింట్ల ఉంటారు. ఒకే బావి నీళ్లు, ఒకే తిండి. మాత్ర నువ్వు తినవు, అత్త తింటాది. తేడా అదొక్కటే గదా."

ఆ ఆడపిల్ల ముందు తల దించుకుని సరేనన్నాను. శెట్టి ఇంట్లో ఉండమన్నాడు గానీ లాడ్జీలో గది తీసుకున్నాను. ఆరువందలు. కిటికీకి తలుపు ఒకటే ఉంది, రెండోది లేదు.

మధ్యాహ్నం దాకా

మర్నాడు ఉదయం నా సీసా ఇచ్చి వచ్చాను. యాసిడ్‌లో మరగబెట్టి, పలచన చేసి చూడాలి కాబట్టి మధ్యాహ్నం రమ్మంది. నవనందులనే తొమ్మిది శివాలయాల్లో ఒకదానికి వెళ్లి కూర్చుని, భోజనానికి ఒక మెస్‌లో దూరాను. ఎనభై రూపాయలకు అన్నం ఎంత కావాలంటే అంత. ఎదుటి బల్ల మనిషి నన్ను చూసి ముద్ద ఆపాడు.

"మీరు మాత్రల రెడ్డి గదా? మాది బండి ఆత్మకూరు. మా యమ్మ మూడేండ్లు మంచాన పడి మీ మాత్రతో లేచి నడిచింది అన్నా."

సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి, గుండె నిండింది. ఆయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఈడే కలిసినారు, మంచిదయ్యె. నాకూ మోకాళ్లు పడతాండాయి. ఒకటి ఉంటే ఇయ్యండి."

రేకు డబ్బా నా సంచిలోనే ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. తీయలేకపోయాను.

"ఆదివారం రా" అన్నాను.

"సంచిలో లేవా?"

"లేవు."

మా ఇంట అడిగినవాడికి మాత్ర లేదన్నది నేనే మొదటివాణ్ణి. ఆయన నా భోజనం దుడ్లు తనే ఇస్తానని పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. అంత గట్టిగా ఎందుకు వాదించానో ఆయనకు అర్థమై ఉండదు.

కాలేజీ గదిలో

పై అంతస్తులో కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది. రేవతి నాలుగు సన్నని గాజుగొట్టాలు ఒక చట్రంలో వరసగా పెట్టింది. అన్నింట్లోనూ ఆ బొగ్గు చుక్కల నీళ్లే సమంగా పోసింది.

"మొదటిది ఉత్త నీళ్లది. రెండోది నీది. మూడోది అత్తది. నాలుగోది మాత్రది."

ఊదా లైటు వేసింది. మొదటిది నీలంగా వెలిగింది. నాది కాస్త మసక, అయినా వెలిగింది. అక్క గొట్టం అడుగున సన్నని నీలం పొర తప్ప ఏమీ లేదు. నాలుగోది చీకటి.

చాలాసేపు చూశాను. అక్కదీ నాదీ ఒకే కంచం కింద లెక్క. మా ఇంటి మిద్దె కింద నలభై నాలుగేళ్లు ఒకే కుండలో వండింది తిన్నాం. గుమ్మం ముందు జనం దణ్ణం పెట్టింది నాకు. నా గొట్టం వెలుగుతోంది.

"ఇనుము కావచ్చు గదా" అన్నాను. "నువ్వే అంటివి, ఇనుముకు కూడా ఇట్లాంటి పరీక్ష ఉందని."

ఆ పిల్ల విసుక్కోలేదు. "మంచి మాట అడిగినావు. ఇనుమును పట్టేసేది ముందే కలిపినా. అయినా ఇంగోటి చూడు" అని ఒక చిన్న డ్రాపరుతో అక్క గొట్టంలో మూడు చుక్కలు వేసింది. "ఇది పాదరసాన్ని బొగ్గు నుంచి లాగేస్తాది. పాదరసమే అయితే వెలుగు తిరిగి రావాల."

గొట్టం కదిపి లైటు కింద పెట్టింది. నీలం మెల్లగా పైకి వచ్చింది. పూర్తిగా కాదు గానీ వచ్చింది.

రేవతి లైటు ఆర్పేసి కిటికీ గుడ్డ తొలగించింది.

"పెదనాయనా, ఇది నా పరిశోధన. ఆస్పత్రి కాగితం కాదు. ఊరికి పోతూనే అత్తను పెద్ద ఆస్పత్రికి తీసకపో. రక్తం, మూత్రం వాళ్ల పద్ధతిలో చూస్తారు. మాత్ర సంగతి దాయకుండా చెప్పు. ఈ రోజు నుంచి అత్త ఒక్కటి గూడ తినగూడదు. ఫోన్ చేసి చెప్పు."

అక్కడే నిలబడి పక్కింటివాళ్లకు ఫోన్ చేసి అక్కకు చెప్పించాను. ఆ తర్వాత రేకు డబ్బా బయటికి తీశాను. ఎందుకు తీశానో రాయాలి. మా నాయన మూడు పగళ్లు పిడకల సెగ మీద కాల్చేవాడు, మంట ఒక్క తీరున ఉండేలా పక్కనే కూర్చునేవాడు. నేను గ్యాసు పొయ్యి మీద ఒక్క రోజులో ముగించేవాణ్ణి. తప్పు నాదే అయి ఉండాలని, నా ఒక్కడిదే అయి ఉండాలని ఆ గదిలో కోరుకున్నాను.

"ఇది నాయన చేసింది. ఇది గూడ చూడు."

"రేపు పొద్దున చెప్తా. అత్త తర్వాత ఎక్కువ తిన్నదెవరు?"

"ఆళ్లగడ్డలో ఒక శిల్పి. వీరాచారి. నెల తప్పకుండా వస్తాడు, నాయన కాలం నుంచి."

ఒక ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది.

ఆళ్లగడ్డ

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆళ్లగడ్డ దగ్గరవుతుండగానే దారి పక్కన విగ్రహాలు మొదలవుతాయి. నల్లరాతి నందులు, గడ్డిలో ఒరిగిన అమ్మవార్లు, ముఖం తేలని ద్వారపాలకులు. ఉలి చప్పుడు వినిపిస్తుందనుకుని వెళితే కోత మిషను గోల. గాలి నిండా తెల్లదుమ్ము. మిషను పని అయ్యాక కళ్లూ పెదవులూ మాత్రం ఇప్పటికీ ఉలితోనే తేలుస్తారు.

వీరాచారి అరవై దగ్గరి మనిషి. తాటాకు పందిరి కింద ఒక పెద్దమ్మ దేవత విగ్రహం ముందు కూర్చుని కనురెప్ప చెక్కుతున్నాడు. నన్ను చూసి ఉలి పక్కన పెట్టి లేచాడు. అతను లేచి నిలబడకుండా ఉంటే బాగుండేదనుకున్నాను.

"ఏంది రెడ్డీ, నువ్వే వచ్చినావు? కబురు పెడితే నేనే రానా?"

"చెయ్యి చూపు ఆచారీ."

"ఏం, జోతిష్యం నేర్చినావా?" అని నవ్వుతూ రెండు చేతులూ చాచాడు. దుమ్ము పట్టిన వేళ్లు. ఎడమ చేతి చూపుడువేలు కొద్దిగా కదులుతోంది. కదులుతోందని అతనికీ తెలుసు. నేను చూడగానే చెయ్యి మూసేశాడు.

చెప్పాను. అక్క గొట్టం గురించి, వెలుగు గురించి, మాత్ర మానేయాలని. చెప్పి, ఇంకో మాట కూడా అన్నాను.

"నాయన చేసింది మంచిదే. నేను గ్యాసు మీద చేసి చెడగొట్టినా."

అతను ఆలోచించాడు. "అట్లయితే మీ నాయన చేసినవి మిగిలుంటే అవియ్యి. నొప్పులకు నాకు వేరే దిక్కులేదు."

అప్పుడే ఫోన్ మోగింది. రేవతి. డబ్బాలోని మాత్రకూ గొట్టం ఆరిపోయిందని, మూడు చుక్కలు వేశాక తిరిగి వెలిగిందని చెప్పింది. ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు విగ్రహాన్ని చూశాను. ఒక కన్ను పూర్తయింది, రెండోది ఇంకా రాయే.

చెప్పకుండా రావచ్చు. ఆచారికి ఎప్పటికీ తెలియదు. మా నాయన పేరు ఒక్క మనిషి దగ్గరైనా నిలుస్తుంది.

"ఆచారీ, ఇప్పుడు నేనన్నది తప్పు. నాయన చేసిన దాంట్లోనూ ఉంది. తాత చేసిందీ అదే."

అతను బండ మీద కూర్చున్నాడు. ఉలితో నేల గీరాడు.

"దుడ్లు తీసుకునుంటే తిట్టేవాణ్ణి రెడ్డీ" అన్నాడు. "ఊరికే ఇచ్చినారు. పైగా మీ యక్క నా ముందర తిని చూపిచ్చింది. ఎవుర్ని తిట్టాల?"

సంచిలోంచి ఖాళీ సీసా తీసి అతని ముందు పెట్టి, దేనికో చెప్పాను.

"దీంట్లో పోసిస్తే ఎవురు తీసకపోతారు?"

"నేనే."

"ఓబుళరెడ్డి మనమడు నా ఉచ్చ మోసుకొని నంద్యాలకు పోతాడా?" ఈసారి నిజంగానే నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. సీసా తీసుకుని పందిరి వెనక్కి వెళ్లాడు.

నేను బయలుదేరేముందు సంగటి తినమన్నాడు. అతని కోడలు చెనిక్కాయల ఊరిబిండితో, అంటే వేరుశనగ పచ్చడితో, పెట్టింది. ఎవరూ ముందుగా రుచి చూసి చూపించలేదు, నేనూ ఎదురుచూడలేదు. మా వైపు సంగటి గట్టిగా ముద్ద కడతారు, ఇక్కడ కొంచెం జారుగా ఉంది. తడిగుడ్డలో చుట్టిన సీసాతో బస్సెక్కి, నంద్యాలలో రేవతికి ఇచ్చాను. మిగిలిన మాత్రలు బావిలోనో మట్టిలోనో పారేయవద్దని, మూత బిగించి తనకు పంపమని చెప్పింది.

ఇంటి దగ్గర

అక్క నన్ను చూడగానే అడిగింది, "నాయనదాంట్లో గూడ ఉందా?"

"ఉంది."

కుర్చీ చేతులు పట్టుకుని లేచి లోపలికి వెళ్లబోయి, ఆగింది.

"పెద్దత్త కాళ్లు ఇట్లనే వాచినాయి. యాభై దాటకుండానే పాయె. వాతం అన్నారు."

పెద్దత్త అంటే నాయన అక్క, మా అక్కకు ముందు మాత్ర తిని చూపించినది. ఆమెకంటే ముందు తాత చెల్లెలు ఉండేది, ఆమె చేతులు కూడా వణికేవని అక్క చెప్పింది. ఆ ఇద్దరి పేర్లు నన్ను అడిగింది. పెద్దత్త పేరు ఓబులమ్మ అని చెప్పగలిగాను. తాత చెల్లెలి పేరు నాకు రాలేదు. మగవాళ్ల పేర్లు ఏడు తరాలు చెప్పగలను.

"చెన్నమ్మ" అంది అక్క.

"ఈ ఆదివారం జనం రాకుండా కబురు పెడదామా?" అని అడిగాను.

"ఎందుకు? రానీ. నువ్వు చెప్పు, నేను పక్కన కూసుంటా. నన్ను చూస్తే నమ్ముతారు."

ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. గుమ్మంలో నిలబడి, మాత్రలో పాదరసం ఉందని, అది మూత్రపిండాలను, నరాలను తినేస్తుందని, ఇకమీదట మా ఇంట మందు లేదని చెప్పాను. తిన్నవాళ్లు ఆస్పత్రిలో చూపించుకోవాలన్నాను. ఒకడు తిట్టుకుంటూ వెళ్లాడు. ఒక ముసలాయన, "ఈ ఒక్కసారికీ ఇయ్యి రెడ్డీ, అంత దూరం నుంచి వస్తి" అన్నాడు. ఇంకొకడు, దాయాదుల తగాదాలో ఎవరో నా చేత ఇలా చెప్పిస్తున్నారని గొణిగాడు.

అప్పుడు అక్క ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చుని, కొంగులోంచి రెండు చేతులూ తీసి వాళ్ల ముందుకు చాచింది. ఆపాలని ప్రయత్నించలేదు. వణుకుతున్న ఆ చేతులను ఒక్కొక్కరూ చూసేదాకా అలాగే ఉంచింది. నలభై నాలుగేళ్లు తినేముందు మాత్రను చూపించిన తీరూ అదే.

తర్వాత ఎవరూ అడగలేదు.

కర్నూలులో ఆస్పత్రి పరీక్షలు రేవతి చెప్పిందాన్నే చెప్పాయి. వీరాచారి గొట్టం నా గొట్టానికీ అక్క గొట్టానికీ మధ్యస్థంగా ఉందట. మాత్ర మానేశాడు, వేలి కదలిక ఇంకా ఉందని, పెద్దమ్మ రెండో కన్ను మాత్రం పూర్తి చేశానని కబురు పెట్టాడు. అక్కకు కాళ్ల వాపు తగ్గింది. చేతుల వణుకు తగ్గలేదు. మా ఇంటి మాత్ర తిన్నవారెవరైనా ఇది చదివితే, గోస్పాడు వైపు వాళ్లైనా సరే, బండి ఆత్మకూరు వైపు వాళ్లైనా సరే, డాక్టరు అడిగినప్పుడు దాచకండి. మా పేరు చెప్పండి.

అక్క చికిత్స కోసం ఆషాఢంలో ఊరికి పడమట ఉన్న నాలుగెకరాల జొన్నచేను అమ్మాను. మా పేరున ఉన్న ఆఖరి భూమి అది.